గోడ అవతల మోగిన గిటారు

మా బావ నాణెంతో గిటారును మూడుసార్లు తట్టాడు. వాద్యాల దుకాణం నడిపే ఆవిడ లేచి వెళ్ళి వెనక తలుపు తీసి చూసింది. ఎవరూ లేరు. వచ్చి కూర్చుంది. బావ మళ్ళీ తట్టాడు. ఆవిడ మళ్ళీ లేచింది. ఈసారి సందులోకి తొంగి చూసి, "ఎవరండీ?" అని అడిగి, జవాబు రాకపోయేసరికి గడియ పెట్టి వచ్చింది. గిటారు వైరు స్పీకరు పెట్టెకు తగిలించే ఉందనీ, ఆ పెట్టె వెనక తలుపు పక్కనే ఉందనీ వాళ్ళిద్దరికీ తోచలేదు. నాకు రెండోసారికే అర్థమైంది. అయినా నాలుగోసారి దాకా ఆగాను. బావమరిదినన్నాక ఆ మాత్రం హక్కు ఉంటుంది.

బావది టైల్స్ పని. ముప్పై రెండేళ్ళుగా జనం ఇళ్ళల్లో నేలలూ గోడలూ పరుస్తున్నాడు. పరిచిన ప్రతి పలకనూ ఆరాక నాణెంతో తట్టి చూస్తాడు. కింద సిమెంటు నిండుగా అందితే గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. ఎక్కడైనా ఖాళీ మిగిలితే డొల్లగా మోగుతుంది. డొల్ల మోగిందంటే పీకి మళ్ళీ వేయాల్సిందే. ఈ అలవాటు చేతికి ఎంతగా పట్టేసిందంటే, మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు టీ కప్పు అందుకునే లోపు కుర్చీనీ, బల్లనూ, గోడనూ వరసగా తట్టేశాడు. "ఇంటికి వెల కడుతున్నాడేమో అనుకున్నాను" అని మా నాన్న ఇప్పటికీ అంటూ ఉంటాడు.

అలాంటి మనిషి కొనడానికి వచ్చింది బోలు గిటారు. కరెంటు గిటారే, కానీ మామూలు వాటిలా కొయ్య దిమ్మె కాదు. పొట్ట ఖాళీగా ఉంటుంది. పైన వయొలిన్‌కు ఉన్నట్టు రెండు వంపు చిల్లులు ఉంటాయి.

ఈ కోరిక వయసు కూడా ముప్పై రెండేళ్ళే. పనిలో చేరిన కొత్తలో బావ ఒక ఇంట్లో స్నానాలగది పరిచాడు. రోజూ మధ్యాహ్నం మూడింటికి గోడ అవతల ఎవరో గిటారు వాయించేవారట. పాటంటూ ఏమీ కాదు. ఒక తీగ, కాసేపాగి ఇంకో తీగ. ఎవరో పెదాలు మూసుకుని తమలో తాము పాడుకుంటున్నట్టు ఉండేదట. గది గోడలు చల్లగా, సిమెంటు తడిగా, పైన చిన్న కిటికీలోంచి పలచటి ఎండ. ఆ ఎండలో దుమ్ము కూడా ఆ తీగ కోసం ఆగి ఆగి దిగుతున్నట్టు అనిపించేదట. నాలుగు రోజుల పనిని బావ తొమ్మిది రోజులు సాగదీశాడు. "ఏరా, పలకలు పరుస్తున్నావా, పడుకోబెట్టి జోకొడుతున్నావా?" అని పెద్దమేస్త్రీ తిట్టాడు. తొమ్మిదో రోజు సామాను సర్దుకుని వచ్చేశాడు. పక్కగది తలుపు కొట్టి అడిగే ధైర్యం లేకపోయింది. వాయించింది ఎవరో చూడనేలేదు.

ఆ తర్వాత ఎన్ని గోడల పక్కన కూర్చున్నా అది మళ్ళీ వినబడలేదు. పోయినేడాది ఒక ఇంటాయన ఫోనులో ఏదో వీడియో పెట్టుకుంటే, వంటగది నేల పరుస్తున్న బావ చేతిలో తాపీతోనే లేచి నిలబడ్డాడు. "అదేంటి సార్ అది?" అని అడిగాడు. తనకు కావలసినదాని పేరు ఆరోజు తెలిసింది.

ఈలోగా మోకాళ్ళు మొరాయించాయి. ఇక ఏడాదికి మించి గొంతుక్కూర్చునే పని వద్దని డాక్టరు తేల్చేశాడు. తర్వాత కొలతలు తీసుకోవడం, పక్కన నిలబడి చేయించడం. దాంతో రాబడి సగానికి పడిపోతుంది. కొంటే ఇప్పుడే కొనాలి, లేకపోతే ఇక కొనడమంటూ ఉండదు. మా అక్క మొత్తం విని, "కొనుక్కోండి. కానీ ఒక్కసారే. తెచ్చాక ఇది కాదు, అది కాదు అని నస పెట్టారంటే, దాన్ని అడ్డంగా కట్టి బట్టలారేస్తాను" అంది. మా అక్క ఉత్తినే అనే మనిషి కాదు. దుకాణంలో 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న బోర్డును బావ రెండుసార్లు చదవడం నేను చూశాను.

బావ జేబుకు అందే బోలు గిటార్లు అక్కడ మూడే ఉన్నాయి. ఎర్రగా మెరిసే సన్నదొకటి. తేనె రంగులో, అద్దం పట్టినట్టున్న లావుదొకటి. మూడోది ఎవరో వాడి వదిలేసింది, తడిగోడ మీది పాచి రంగు. తీగలు బిగించే దాని బిరడాల్లో ఒకటి ఊడిపోతే వేరే గిటారుది తెచ్చి బిగించారు. పక్కన ఒక సొట్ట.

నేను వైరు పీకించాక, బావ ముందు ఎర్రదాని నడుమ తట్టాడు. ముఖం వికసించింది. అంచుల దగ్గర తట్టాడు. ముఖం వాడిపోయింది.

"నడుమ బాగానే అందింది. అంచులు డొల్ల. పీకి మళ్ళీ వేయాలి" అన్నాడు.

దుకాణం ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంది. "మేస్త్రీ గారూ, దాని నడుమ కొయ్య దిమ్మె పెడతారండీ, స్పీకరు ముందు నిలబడినా మైకులా కూయకుండా. పూర్తి బోలువి దగ్గరికి తీసుకెళ్తే కూస్తాయి."

"కూయనివ్వండి" అంటూ బావ తేనె రంగుదాన్ని తట్టాడు. ఎక్కడ తట్టినా డొల్లే. దెబ్బ తనకే తగిలినట్టు ముడుచుకుపోయాడు. "అయ్యో, ఇది మొత్తం పోయిందండీ."

"పోలేదండీ. మీరు కొనడానికి వచ్చిందే డొల్ల."

బావకు విషయం తెలుసు. చేతికి తెలియదు. మూడోదాన్ని తట్టబోతే నేను నాణెం లాక్కుని జేబులో వేసుకున్నాను.

నాణెం పోయాక కళ్ళు పనిచేశాయి. తేనె రంగుదాన్ని ఎత్తి, మెడను కంటి ఎదురుగా పెట్టుకుని, గోడ తిన్నగా ఉందో లేదో చూసినట్టు చూశాడు. "పన్నెండో మెట్టు దగ్గర వెంట్రుక మందాన లేచింది" అన్నాడు. ఆవిడ నమ్మలేదు. ఉక్కు బద్ద తెచ్చి ఆనించింది. బద్ద ఆ మెట్టు మీద ఊగింది. ఆవిడ గిటారు వైపు, బావ వైపు మార్చి మార్చి చూసి, "ఎనిమిది నెలలుగా నా ఎదురుగానే ఉందిది. మెట్టు అరగదీయించి ఇస్తాలెండి" అంది. ఈ ధరలో మూడింటికీ పై పలక ప్లైవుడ్డేననీ, దానికి దిగులుపడక్కర్లేదనీ, మెడ, మెట్లు, బిరడాలు చూసుకుంటే చాలనీ చెప్పింది. బోలుదానికి పొట్టే సగం స్పీకరు కాబట్టి వైరు తగిలించకపోయినా గదిలో వినబడుతుందట. తర్వాత మూడూ వరసగా వాయించి చూపించింది.

బావ చేతులు కట్టుకుని విన్నాడు. విన్నంతసేపూ తేనె రంగుదాన్నే చూస్తున్నాడు.

"ఇలా కాదు. కనబడుతుంటే వినబడట్లేదు. మీ బాత్రూం ఎక్కడండీ?" అన్నాడు.

నాకు తెలిసి ఆ దుకాణంలో ఎవరూ వాద్యాన్ని అలా ఎంచుకుని ఉండరు. బావ బాత్రూంలోకి వెళ్ళి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని, తలుపు వేసుకున్నాడు. ఏది ముందు వాయిస్తారో చెప్పవద్దన్నాడు. గోడ మీద ఒకసారి తడితే మళ్ళీ అదే, రెండుసార్లు తడితే తర్వాతది. ఆవిడ గోడ ఇవతల స్టూలు వేసుకుంది. తనకూ సరదా పుట్టినట్టుంది.

మొదట ఎర్రది. వెంటనే రెండు దెబ్బలు. తర్వాత తేనె రంగుది. ఒక దెబ్బ. మళ్ళీ వాయించింది. చాలాసేపటికి, మనసొప్పనట్టు రెండు దెబ్బలు.

సరిగ్గా అప్పుడే వయొలిన్ మాస్టారు ఒకాయన తీగలు కొనడానికి వచ్చాడు. వచ్చీ రాగానే బాత్రూం అడిగాడు.

"లోపల మేస్త్రీ గారున్నారండీ" అంది ఆవిడ.

"రిపేరా?"

"వింటున్నారు."

మాస్టారు మర్యాదస్థుడు. ఏం వింటున్నారని అడగలేదు.

ఆవిడ పాచి రంగుదాన్ని తీసుకుని, ఒక తీగ మీటింది. అది పూర్తిగా ఆరిపోయాక ఇంకోటి. లోపలి నుంచి దెబ్బ లేదు. ఇంకాస్త వాయించింది. అయినా లేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టి ఆపారు. అద్దాల బీరువా మీద ఎండ ఒక గడి నుంచి పక్క గడికి జరిగింది. ఆవిడ వాయిస్తూనే ఉంది. తాను అమ్మడానికి వాయిస్తున్న సంగతి మరిచిపోయినట్టుంది. నేనూ ఎందుకు నిలబడ్డానో మరిచిపోయి ఆ మధ్యలోని ఖాళీల్లో తేలుతున్నాను. మరిచిపోలేనిది మాస్టారొక్కడే. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు.

చివరికి ఆయనే వెళ్ళి తలుపు తట్టాడు. ఒకసారి. ఆవిడ మొదటి నుంచీ మళ్ళీ వాయించింది.

మాస్టారు నావైపు తిరిగి, "బాబూ, నేనేం పాపం చేశాను?" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. బావ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "లోపల మూడు పలకలు లేచాయండీ, నీళ్ళు దిగుతాయి. చూసుకోండి" అని ఆవిడతో అని, ఆమె ఒళ్ళో ఉన్న గిటారును అప్పుడు చూశాడు. "ఇదా?" అన్నాడు. తేనె రంగుదాని వైపు ఒక్కసారి చూసి, దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ఇంటికి తెచ్చాక మా అక్క దాన్ని చూసి, "రంగు వేశాకే ఇచ్చారా, ఇంకా వేయాలా?" అని ఊరుకుంది.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. వీధి చివర ఉండే ఒకాయన దగ్గర బావ తీగలు కలిపి నొక్కే నాలుగు పట్లు నేర్చుకున్నాడు. సిమెంటు తిన్న వేళ్ళు తీగ మీద మొండిగా పడేవి, కానీ పడేవి. రోజూ సాయంత్రం మంచం అంచున కూర్చుని మీటేవాడు. మీటి, గోడ అవతలి ఆ మోత కోసం తలొంచి వినేవాడు. అది కాదు. వైరు తగిలించి చూశాడు. తీసేసి చూశాడు. తీగలు మార్పించాడు. దుకాణానికి మోసుకెళ్ళి ఆవిడ చేత ఎదురుగా వాయింపించుకున్నాడు. అప్పుడూ అది కాదు. అక్కకు చెప్పలేడు. నాకు చెప్పాడు, అదీ వీధి మలుపులో నిలబెట్టి.

"బావమరిదీ, ఆరోజు నేను నిజంగా విన్నానంటావా?"

"మేమంతా విన్నాం బావా. కావాలంటే ఆ మాస్టారిని అడుగు."

"ఆరోజు కాదురా. ఆ తొమ్మిది రోజులు."

ఆ వారం నుంచి గిటారు గోడకు ఆనుకుని, పాత దుప్పటి కప్పుకుని ఉండిపోయింది. బావ పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు. పలకలను తట్టేటప్పుడు మునుపటిలా తల వంచి వినడం లేదని అతని దగ్గర పనిచేసేవాళ్ళు నాతో అన్నారు.

ఒక సెలవురోజు మధ్యాహ్నం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ స్నానానికి వెళ్ళాడు. అక్క దుప్పటి ఉతకాలని లాగింది. గిటారు పక్కకు ఒరిగితే పట్టుకుని, పట్టుకున్నాక ఊరికే ఉండలేక, బొటనవేలితో లావు తీగను ఒకసారి మీటింది. ఆగింది. దాని కింది తీగను మీటింది. గది నిద్రలో ఒత్తిగిల్లినట్టు అయింది.

స్నానాలగదిలో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

"ఎవరది?" అన్నాడు బావ లోపలి నుంచి.

"నేనే. ఏం విరగ్గొట్టలేదులెండి."

"ఇంకోసారి మీటు."

మీటింది. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. తువ్వాలు చుట్టుకుని, చెవుల్లో సబ్బు నురగతో బావ గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా నిలబడి ఒకసారి విన్నాడు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని ఒకసారి విన్నాడు. మళ్ళీ బయటికి వచ్చాడు. ఇలా నాలుగు విడతలయ్యేసరికి నేలంతా తడి. ఆ మోత గోడకు ఆ పక్కన మాత్రమే ఉంది. గిటారులో తప్పేమీ లేదు. వాయించేవాడిగా కూర్చుంటే అది ఎన్నటికీ దొరకదు.

ఇప్పుడు ఆ ఇంట్లో వాయించేది మా అక్క. ఆ నాలుగు పట్లనూ బావే నేర్పాడు. మూడున్నర వచ్చాయి. రోజూ పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, బావ స్నానాలగదిలో చిన్న స్టూలు మీద మోకాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. తలుపు వేసుకుంటాడు. కిటికీలోంచి పలచటి ఎండ పడుతుంది. మొన్న నేను వెళ్ళేసరికి అక్క ఎడమచేతి వేళ్ళు ఊదుకుంటూ మూసిన తలుపు వైపు తిరిగి కూర్చుని ఉంది.

"వినబడుతోందా? కొనుక్కున్నది మీరు, కాయలు కాసింది నా వేళ్ళకి. ఇదెక్కడి న్యాయం?"

లోపలి నుంచి బావ గొంతు, మగతలోంచి వచ్చినట్టు, నెమ్మదిగా వినబడింది.

"చెప్పేదేదో వాయిస్తూ చెప్పవే."