దయ్యం చేతి తాళంచెవి

మా బాబాయిని వీధిలో అందరూ 'ఆధారం' అనేవారు. ఎవరేం చెప్పినా ఆయన నోటివెంట ముందొచ్చే మాట అదే. వాన వచ్చేలా ఉందంటే "ఆధారం?", పాలు విరిగాయంటే "ఆధారం?" ఒకసారి పిన్ని "ఒళ్ళు కాలిపోతోందండీ" అంటే కూడా అలవాటు కొద్దీ అడిగేశాడు. పిన్ని థర్మామీటరు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. దాంతోపాటు ఆ పూట వంట కూడా ఆయన చేతిలోనే పెట్టి పడుకుంది.

పగలు ఆయన నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తా. సాయంత్రాలు హేతువాద సంఘానికి కార్యదర్శి. కార్యదర్శి అంటే పెద్ద హోదా అనుకునేరు. మీటింగు ముందు కుర్చీలు వేసి, మైకు తెప్పించి, మీటింగయ్యాక కుర్చీలు తీసి, మైకు తిరిగి పంపడం. సైకిళ్ళ షాపు పైగది సంఘం కార్యాలయం. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆయన గంటల తరబడి మాట్లాడేవాడు. జనం విసుక్కునేవారు కాదు. ఆయన ముందు నోరు తెరుచుకుని కూర్చోవడం ఊళ్ళో సగంమందికి అలవాటే.

ఆ రోజుల్లో 'మరణానంతర వాంగ్మూలం' అని ఒక నవలల వరస నడిచేది. నడిచేది కాదు, పరిగెత్తేది. మంగలి షాపులో అదే, బస్టాండులో అదే, ఆసుపత్రి బెంచీల మీద అదే. అందులో హీరో ఒక డిటెక్టివు. ఒకప్పుడు బీమా కంపెనీలో పనిచేస్తూ చెరువులో మునిగిపోయి, పోయాడనుకున్నాక ఊపిరి పోసుకున్నాడు. అప్పటినుంచి చచ్చినవాళ్ళు వచ్చి ఆయనకు తమ కేసులు చెప్పుకుంటారు. మొదటి పుస్తకంలో ఆయనకు నలభై ఏళ్ళు. నేను పుట్టి, పెరిగి, కాలేజీకి వచ్చేసరికి కూడా ఆయనకు నలభయ్యే. దయ్యాల సంగతెలా ఉన్నా నాకు ఇదే పెద్ద అద్భుతంగా తోచేది.

ఆయన అసిస్టెంటు కూడా దయ్యమే. బతికున్నప్పుడు స్టెనోగా పనిచేసిన ఒక ఆవిడ. ఆవిడకు ఒక్కటే ఇబ్బంది, ఏ వస్తువునీ ముట్టుకోలేదు. కాబట్టి ఆవిడ చెబుతుంటే డిటెక్టివు రాసుకోవాలి. జన్మంతా ఎవరో చెబితే రాసిన మనిషి, చచ్చాక తను చెబితే ఇంకొకరు రాసే స్థాయికి ఎదిగిందన్నమాట. ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్ళంతా ఈ పుస్తకాలంటే ఎందుకు పడి చచ్చేవారో నాకు ఈ ఒక్క ముక్కతో అర్థమైంది.

"యువతరం సర్వనాశనమైపోతోంది. దీన్ని ఖండిస్తూ మనం ఒక పుస్తకం వెయ్యాలి" అని పళ్ళ డాక్టరు ఒక మీటింగులో తీర్మానించాడు. రాసే పని బాబాయికి పడింది. సంఘంలో చేతిరాత కుదురుగా ఉన్నది ఆయనొక్కడికే.

నేనప్పుడు వాళ్ళింట్లో ఉండి చదువుకుంటున్నాను. చచ్చిన ఎలుకను తోక పట్టుకుని తెచ్చినట్టు, బాబాయి మొదటి పుస్తకాన్ని అద్దె పుస్తకాల షాపునుంచి రెండు వేళ్ళతో పట్టుకొచ్చాడు. ఎర్ర పెన్సిల్ చెక్కుకుని కూర్చున్నాడు. మొదటి పేజీల్లో అంచుల నిండా 'అసంబద్ధం', 'ఆధారం?' అని రాతలు. కాసేపటికి ఆ రాతలు పలచబడ్డాయి. సగానికి వచ్చేసరికి పెన్సిల్ చెవి వెనక్కి చేరింది. పుస్తకం మూశాక నన్ను పిలిచాడు.

"రెండోది ఆ షాపులో ఉందేమో కనుక్కురామ్మా."

ముందు గదిలో పిన్ని కుట్టు మిషను ఆపింది. ఆవిడ ఆసుపత్రుల వాళ్ళకు యూనిఫారాలు కుట్టేది. "ఖండించడం అయిపోయిందా?" అంది.

"ఒక్క పుస్తకం చదివి ఖండిస్తే అది హేతువాదం కాదు, తొందరపాటు" అన్నాడు బాబాయి.

ఈ తర్కంలో ఒక సౌకర్యం ఉంది. ఎదుటివాడు రాస్తూనే ఉంటాడు కాబట్టి మనం చదువుతూనే ఉండొచ్చు. రచయిత ఆపడు, బాబాయి ఆపడు, ఖండన మొదలవదు. సంవత్సరాలు గడిచాయి. ఆఫీసులో, బస్సులో ఎవరి కంటా పడకుండా పుస్తకానికి 'నీటి పన్ను నిబంధనలు, సవరణలతో' అనే పాత అట్ట తొడిగేవాడు. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర అది చదువుతూ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"నీటి పన్నుకి అంత ఏడవాలాండీ?" అంది పిన్ని.

"ఈసారి సవరణలు మరీ ఘోరంగా ఉన్నాయి" అన్నాడు తల ఎత్తకుండా.

ఇంత తెలివైన మనిషికి ఆ పుస్తకాల్లో ఏం దొరికిందా అని నాకు చాలాకాలం అంతుపట్టలేదు. సెలవుల్లో ఒకరోజు ఆయన మరిచిపోయిన అన్నం డబ్బా ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్ళాను. కిటికీ అవతల ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో ఆఫీసువాళ్ళు పంపిన కాగితం.

"మా కుళాయిలో బురద వస్తోందని నాన్నగారు అర్జీ పెట్టుకున్నారండీ. 'మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది' అని ఇప్పుడు జవాబొచ్చింది."

"మంచిదేగా. ఆయన్నే ఒకసారి రమ్మనండి, సంతకం కావాలి" అన్నాడు బాబాయి.

"ఆయన పోయి ఏడాది దాటిందండీ."

బాబాయి ఆ కాగితం తీసుకుని, ముద్ర కొట్టి, పై అధికారికి వెళ్ళే ట్రేలో వేశాడు. అంతకు మించి చేసే అధికారం ఆయనకు లేదు. ఆ ట్రేలోంచి ఏదైనా బయటికి రావడం ఆయన సర్వీసులో అరుదు. ఇంటికి వచ్చేటప్పుడు దారిలో ఉన్నట్టుండి అన్నాడు.

"మా ఆఫీసులో బతికున్నవాడి గోడే ఎవరూ వినరమ్మా. ఆ పుస్తకాల్లో చచ్చినవాడు వచ్చి చెప్పుకున్నా కూర్చోబెట్టి వింటారు. చివరి పేజీకల్లా తేల్చి పంపిస్తారు."

అంతే అన్నాడు. మర్నాటినుంచి మళ్ళీ అదంతా పరిశోధనే అని చెప్పుకునేవాడు.

ఖండన ఎంతకీ రాకపోయేసరికి పళ్ళ డాక్టరుకు ఓపిక నశించింది. 'దయ్యాలున్నాయా?' అని బహిరంగ చర్చ పెట్టి రచయితనే పిలిచాడు. హాలు కిటకిటలాడింది. కుర్చీలు వేసింది బాబాయే అయినా, ఆ రోజు ఆయన కొత్త చొక్కా వేసుకొచ్చాడు. శత్రువును ఎదుర్కోవడానికి కొత్త చొక్కా ఎందుకో పిన్ని అడగలేదు. ఇస్త్రీ మాత్రం తనే చేసిచ్చింది.

భయంకరమైన మనిషి ఎవరో వస్తాడని అందరం గుమ్మంవైపు చూస్తున్నాం. జలుబుతో ముక్కు తుడుచుకుంటూ ఒక పొట్టి మనిషి స్కూటరు దిగి వచ్చాడు. ఆయనే రచయిత. పళ్ళ డాక్టరు లేచి, విజ్ఞానశాస్త్రం పుట్టినప్పటినుంచి మొదలుపెట్టి తన క్లినిక్కులో కొత్తగా కొన్న యంత్రం దాకా వచ్చి, చివరికి వేలు చూపిస్తూ గర్జించాడు.

"చెప్పండి! దయ్యాలున్నాయా?"

"లేవండీ" అన్నాడు రచయిత. "నేనెప్పుడూ చూళ్ళేదు. పిల్లల స్కూలు ఫీజులు చూశాను. అందుకే రాస్తున్నాను."

ఇరుపక్షాలూ ఒకే మాట అంటే చర్చ ఎలా నడపాలో సంఘం నియమావళిలో లేదు. పళ్ళ డాక్టరు నీళ్ళు తాగి, బాబాయిని మోచేత్తో పొడిచాడు. "కార్యదర్శిగారూ, ఏదైనా ప్రశ్న వెయ్యండి!"

బాబాయి మైకు అందుకున్నాడు.

"స్టెనో ఆవిడ ఏ వస్తువునీ ముట్టుకోలేదని మొదటి పుస్తకంలోనే రాశారు. మరి పాత బంగళా కేసులో డిటెక్టివుకి తాళంచెవి ఎలా ఇచ్చింది?"

రచయిత ముక్కు తుడుచుకోవడం ఆపాడు. "ఏ తాళంచెవి?"

"ఏ తాళంచెవి అంటారేమిటండీ! ఆ తలుపు తెరుచుకోబట్టే కదా హంతకుడు దొరికాడు! పోనీ ఆవిడకి వస్తువులు అందుతాయనుకుందాం. అందితే అన్నాళ్ళూ తన కూతురి ఫోటో ఎందుకు ముట్టుకోలేదు? టేబుల్ మీదే ఉందిగా? ఎంత తపించింది!" బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

వెనక వరసలోంచి సంఘం కోశాధికారి లేచాడు. ఎలక్ట్రికల్ సామాన్ల షాపాయన. "కార్యదర్శిగారూ, అది పాత బంగళా కేసు కాదండీ, నూలు మిల్లు కేసు."

తను ఏమన్నాడో అర్థమయ్యి ఆయన ఠక్కున కూర్చున్నాడు. పళ్ళ డాక్టరు ఒకసారి ఆయన్నీ, ఒకసారి బాబాయినీ చూశాడు.

రచయిత మాత్రం హాయిగా నవ్వాడు. "మర్చిపోయి ఉంటానండీ. కథ నడవాలిగా! ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారు?"

బాబాయి మైకు కింద పెట్టి కూర్చున్నాడు. ఏ దేవుణ్ణీ నమ్మని ఆ మనిషికి జీవితంలో మొదటిసారి నమ్మకం పోయింది.

ఆ వారమంతా సరిగ్గా తినలేదు. "నాకు అక్షరం అక్షరం గుర్తుంది. రాసినవాడికి గుర్తులేదట!" అని అదే పాట. పిన్ని విని విని ఒకరోజు అంది. "పెళ్ళైన కొత్తలో మీరు నాకు చెప్పిన మాటలు మీకు గుర్తున్నాయా? నాకు అక్షరం అక్షరం గుర్తుంది. కాపురం నడవట్లేదా?" బాబాయి కంచం దగ్గరికి లాక్కున్నాడు.

సంఘంలో అత్యవసర సమావేశం జరిగింది. శత్రువుతో సహవాసం చేశాడన్న అభియోగం మీద బాబాయి రాజీనామా ఇచ్చాడు. చప్పట్ల మధ్య ఆమోదించారు. తర్వాత కొత్త కార్యదర్శి ఎవరన్న ప్రశ్న వచ్చింది. కుర్చీలెవరు వేస్తారు, మైకెవరు తెస్తారు అన్న వివరాల్లోకి వెళ్ళేసరికి, ఒకరికి నడుం నొప్పి, ఇంకొకరి కూతురు పురిటికి వచ్చింది, కోశాధికారి అయితే ఏకంగా తల దించుకునే కూర్చున్నాడు. చివరికి సిద్ధాంతం కన్నా కుర్చీలు బరువైనవని తేలి, అదే సమావేశంలో బాబాయినే ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.

కొన్నాళ్ళకు రచయిత మా ఇంటికే వచ్చాడు, చేతిలో బిస్కెట్ల పొట్లంతో.

"మీ ప్రశ్న నా కొంప ముంచిందండీ. ఆ రోజు హాల్లో ఉన్నవాళ్ళు ఊరంతా చెప్పారు. పబ్లిషరు రోజూ ఫోను. 'తాళంచెవి ఎలా వచ్చింది' అని పచారీ కొట్టువాడు కూడా అడుగుతున్నాడు. మీరే ఏదైనా దారి చెప్పాలి."

బాబాయి అలక క్షణంలో ఎగిరిపోయింది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. అయస్కాంత శక్తి కావచ్చన్నాడు. గాలి ఒత్తిడి కావచ్చన్నాడు. ఆవిడ సాంద్రత ఎంతో ముందు తేల్చమన్నాడు.

"దయ్యానికి సాంద్రతేమిటండీ?" అన్నాడు రచయిత.

"లేకపోతే నేలమీద ఎలా నిలబడింది? దయ్యమైతే మాత్రం ఒక పద్ధతీ పాడూ అక్కర్లేదా?"

ఇలా టీలు తాగుతూ గంటలు గడిపారు. కాలరు కుడుతున్న పిన్ని దారం తెంపుతూ అడిగింది. "ఇంతకీ ఏమని రాశారన్నయ్యగారూ?"

రచయిత పుస్తకం తిరగేశాడు. "'ఆమె చెయ్యి చాచింది. మరుక్షణం తాళంచెవి అతని చేతిలో ఉంది' అని రాశానమ్మా."

"ఇచ్చిందని లేదుగా. నీ జేబులోనే ఉంది చూసుకోవయ్యా అని చెయ్యి చూపించి ఉంటుంది. మగాళ్ళ సంగతి తెలిసిందే. ఈయన కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా నాచేత వెతికిస్తారు. దొరికాక, నువ్వే ఎక్కడో పెట్టావంటారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాబాయి నెమ్మదిగా "కుదిరింది" అన్నాడు. రచయిత టీ కూడా పూర్తిచెయ్యకుండా స్కూటరెక్కాడు.

తర్వాతి పుస్తకంలో స్టెనో ఆవిడ డిటెక్టివుకు ఆ ముక్క పిన్ని మాటల్లోనే చెప్పింది. ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయిందట. మొదటి పేజీలో 'చిక్కుముడి విప్పిన నీటి సరఫరా మిత్రునికి కృతజ్ఞతలు' అని అచ్చయింది. బాబాయి కాస్త ఇబ్బంది పడుతూనే చూపించాడు. పిన్ని చదివి, "పోనీలెండి. చేతికి ఎవరందించారో ఆయనకీ గుర్తుండదు" అని మిషను తొక్కుకుంది.

బాబాయి రిటైరయ్యాడు. సంఘానికి ఇప్పటికీ ఆయనే కార్యదర్శి. ఆదివారం ఉదయం దయ్యాలు లేవని ఉపన్యాసం ఇస్తాడు. మధ్యాహ్నం ఫోనులో రచయితతో, దయ్యం రైలెక్కితే టిక్కెట్టు సంగతేమిటని పోట్లాడతాడు. ఆ మధ్య పళ్ళ డాక్టరు మళ్ళీ అడిగాడట, ఖండన ఎప్పుడు పూర్తవుతుందని.

"ఆయన రాస్తూనే ఉన్నాడుగా" అన్నాడట బాబాయి.

"ఆయన పోయాకైనా మీరు రాస్తారా?"

"పోయాక ఆయన రాయడం మానేస్తాడని ఆధారం ఏముంది?"

మొన్న నేను వెళ్ళేసరికి అచ్చుకు పోకముందే చూసిపెట్టమని రచయిత పంపిన కొత్త పుస్తకం కాగితాలు వచ్చి ఉన్నాయి. బాబాయి వాటిని పైకి చదువుతున్నాడు. పిన్ని నర్సుల కోట్లకు గుండీలు కుడుతోంది. ఆవిడ ఈ పుస్తకాలు ఒక్కటి కూడా చదవలేదు; ఆ తీరికే లేదు. ఒకచోట చెయ్యి ఆపి, "ఆ పిల్ల వాళ్ళమ్మకి చెప్పకుండా అంత దూరం ఎందుకెళ్ళింది? మళ్ళీ చదవండి" అంది. బాబాయి కళ్ళజోడు సర్దుకుని పేజీ వెనక్కి తిప్పాడు.