జరిగే గదికి గుడ్డ కప్పు

ముసలి వెండెల్ చలికాలం కాపురముండే చక్రాల ఇల్లు, ఆ ట్రైలర్‌లో ఒక గది సొరుగులా పక్కకి జరిగి బయటికొస్తుంది. వసంతం రాగానే అరిజోనా ఎడారి వదిలి ఉత్తరానికి బయల్దేరే ముందు దాన్ని లోపలికి లాక్కోవాలి. లాగే ముందు దాని నెత్తిన రాలిన తుమ్మాకులూ కాయలూ ఊడ్వాలి, లేకపోతే రబ్బరు అంచులు చిరుగుతాయి. ట్రైలర్లు నిలుపుకునే ఆ పార్కులో మిగతావాళ్ళంతా ఆ గదిపైన గుడ్డ కప్పు వేయించుకున్నారు. గది లోపలికి జరుగుతుంటే అదీ చుట్టుకుపోతుంది, చెత్త గుడ్డ మీదే ఆగి కిందికి రాలిపోతుంది. వెండెల్ మాత్రం ఏటా మోకాలు పట్టుకుని నిచ్చెనెక్కుతాడు. కింద నిచ్చెన పట్టుకునేది పక్క ట్రైలర్ ఆవిడ లవాన్. చలికాలమంతా ఇద్దరూ దూరంనుంచి చేతులూపుకుంటారు. మాటలన్నీ ఆ నిచ్చెన దగ్గరే.

"పడితే నేను పట్టుకోను, పక్కకి తప్పుకుంటా," అంటుందామె.

"తప్పుకో తల్లీ. నీ ఎముకలు గుచ్చుకుంటాయి."

ఈసారి గుడ్డ కప్పులు బిగించే మనిషి నమూనా ముక్క పట్టుకుని తలుపు తట్టాడు. "గంట పని, పెద్దాయనా. ఇక నిచ్చెన అక్కర్లేదు, ఎవర్నీ పిలవక్కర్లేదు. ఒక్కడివే మీట నొక్కి గది లోపలికి లాక్కుని వెళ్ళిపోవచ్చు."

వెండెల్ గుడ్డని వేళ్ళ మధ్య చాలాసేపు నలిపాడు. మంచి గుడ్డే.

"వద్దులే. గాలికి టపటపా కొట్టుకుంటుంది. రాత్రిళ్ళు నిద్రపట్టదు."

ఆ మనిషి వెళ్ళిపోయాక లవాన్ తన మెట్ల మీంచి కేకేసింది. "చెవిలో మిషన్ తీస్తే నీకు పిడుగు కూడా వినపడదు కదయ్యా! గుడ్డ చప్పుడెట్లా వినపడుతుంది?"

వెండెల్ తన గది నెత్తికేసి చూశాడు. నాలుగైదు ఆకులున్నాయి, అంతే.

"రేపు పొద్దున నిచ్చెన పట్టుకోడానికి ఖాళీయేనా?" అన్నాడు.