ముక్కు మీద ఆయిల్ కూలర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉంటే, అది ఇంకా ఎవరూ కనిపెట్టనిదై ఉంటుందని నా గట్టి నమ్మకం. భీమవరంలో ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. కాలేజీల పోటీ కోసం పన్నెండు మందిమి కలిసి చిన్న రేసు కారు కడుతుంటే, ఆ జట్టుకి నేను కెప్టెన్ని. (నా తెలివి చూసి చేశారనుకున్నాను. వర్క్‌షాపు తాళం నా దగ్గర ఉండేది గనక చేశారని తర్వాత తెలిసింది.) పాత మోటారు సైకిలు ఇంజిన్ తెచ్చి బిగించాం. అది పది నిమిషాలు నడిచేసరికి లోపలి ఆయిల్ సలసల కాగిపోయేది. అలా కాగిన ఆయిల్‌ని గొట్టంలో బయటికి తెచ్చి, గాలికి చల్లార్చి, మళ్లీ ఇంజిన్‌లోకి పంపే చిన్న రేడియేటర్ లాంటి పరికరాన్ని ఆయిల్ కూలర్ అంటారు. అదీ తెచ్చాం. ఎక్కడ పెట్టాలన్న దగ్గర గొడవ మొదలైంది.

మా జట్టులో ఒకమ్మాయి ఎప్పుడూ చేతిలో కొలత టేపుతో తిరిగేది. అందుకని అందరం టేపు అనే పిలిచేవాళ్లం. ఆవిడ బండంతా కొలిచి, "డ్రైవరు పక్కన, భుజం ఎత్తులో పెడదాం. దాని ముందు జాలీ బిగిద్దాం," అంది.

"గాలి ఎదురుగా వస్తుంటే పక్కన పెట్టడమేంటి? బండి ముక్కు మీద పెడితే నేరుగా తగులుతుంది," అన్నాను.

"నేలకి జానెడు ఎత్తులో గాలి ఒక్కటే రాదు. రోడ్డు మీద ఉన్నదంతా వస్తుంది."

"రేసు ట్రాకు మీద ఏముంటుంది?"

"ట్రాకు దాకా వెళ్లాలంటే ముందు మన రోడ్ల మీదే కదా నడిపి చూసుకోవాలి."

దానికి జవాబుగా మూడు పేజీల లెక్క వేశాను. గాలి వేగం, ఆయిల్ వేడి, అల్యూమినియం రేకుల వైశాల్యం అన్నీ ఉన్నాయందులో, రోడ్డు తప్ప. (అసలు సంగతి, ముందు తళతళలాడే కూలర్ ఉంటే బండి చూడ్డానికి బాగుంటుందని. అది లెక్కలో రాయలేదు.) టేపు నోట్‌బుక్‌లో ఏదో గీసుకుని, "సరే, నువ్వు కెప్టెన్‌వి," అని నేను చూపించిన చోటే బోల్టులు బిగించింది.

మా జట్టుని చూసుకునే సారు మాత్రం షరతు పెట్టారు. ఆదివారం పొద్దున్న, కాలేజీ వెనక చేల మధ్య రోడ్డు మీద, ఇరవై నిమిషాలు ఆగకుండా నడిస్తేనే పోటీకి మా పేర్లు పంపుతారట. సారు, మిగతా వాళ్లు మోటారు సైకిళ్ల మీద వెనక వస్తుంటే, నేను హెల్మెట్ పెట్టుకుని మహారాజులా బయల్దేరాను. వేసవి పంట, దాళ్వా కోతల రోజులు. రోడ్డుకి ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. పన్నెండో నిమిషంలో ఎదురుగా రొయ్యల మేత వ్యాను వచ్చింది. తప్పుకోబోయి వడ్లలోంచి పోయాను. బండి ఆగలేదు గానీ, నిమిషం తిరక్కుండా వేడి చూపించే ముల్లు పైకి లేచి ఎర్ర గీత దాటింది. ఆపక తప్పలేదు. దిగి చూద్దును గదా, కూలర్ రేకుల సందులన్నీ తాలు గింజలు, గడ్డిపరకలు, దుమ్ము కూరుకుని ఇటుకరాయిలా తయారైంది.

వడ్ల ఆసామి తాపీగా నడుచుకుంటూ వచ్చారు. "ఏంటి బాబూ ఇది, బండేనా?"

"రేసు కారండి."

"ఆయ్. మరి మా వడ్లేం చేశాయండి?" అని వంగి ముందు వైపు చూశారు. "ఇదేంటండి?"

"ఆయిల్ కూలరండి. ఇంజిన్ వేడి తగ్గిస్తుందండి."

"మా కోత మిషనుకీ ఇలాంటిది ఉంటదండి. కాకపోతే అది బాగా పైనుంటది, ముందో జల్లెడ కూడా ఉంటది, పొట్టు పడకుండా. దాన్ని కట్టినాయన కూడా మీలాగే చదువుకునుంటారు లెండి."

నా చెవులు ఇంజిన్ కంటే వేడెక్కాయి. సారు ఆకాశం వైపు చూస్తున్నారు. ఇంతలో ఆసామి భార్య చీపురు పుల్లలు తెచ్చి అందరికీ తలా ఒకటి పంచి, "ముందు మా వడ్లు మాకిచ్చెయ్యండి బాబూ," అన్నారు. కూలర్ చల్లారాక, కాబోయే ఇంజినీర్లం పన్నెండు మందిమీ రోడ్డు పక్కన కూర్చుని పుల్లలతో గింజలు పొడిచి తీశాం. నా హెల్మెట్‌లో రెండు గుప్పెళ్లు పోగయ్యాయి. ఆవిడ అవి చేటలో పోసుకుని, మాకు మజ్జిగిచ్చారు.

మజ్జిగ తాగి టేపు దగ్గరికెళ్లాను. "ఎక్కడన్నావు, పక్కనా?"

"భుజం ఎత్తులో," అని నోట్‌బుక్ తెరిచింది. బోల్టు కన్నాలు, గొట్టాల పొడవు, జాలీ సైజుతో సహా బొమ్మ పూర్తిగా ఉంది.

"మరి ఇది అప్పుడే చూపించొచ్చు కదా?"

"చూపించాను. నువ్వు మూడో పేజీ లెక్కలో ఉన్నావు."

సారు జాలిపడి ఒక్క రోజు గడువిచ్చారు. ఆ రాత్రే కూలర్‌ని టేపు బొమ్మ ప్రకారం పక్కకి మార్చి, జాలీ బిగించాం. మర్నాడు అదే రోడ్డు మీద, వడ్లకి దూరంగా, ఇరవై నిమిషాలూ బండి నడిచింది. ముల్లు ఎర్ర గీత దరిదాపులకి రాలేదు. పోటీలో మేం చివరి నుంచి నాలుగో స్థానంలో వచ్చాం. కానీ మాకంటే ఖరీదైన బండ్లు వేడెక్కి పక్కన ఆగిపోతే, మాది మాత్రం ముగింపు గీత దాటింది. ఆ రోజు స్టీరింగ్ పట్టుకుంది టేపే. నేనే ఇచ్చాను. ఎవరూ అడక్కుండా నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఇప్పుడు రాజమండ్రిలో పంపుల కంపెనీలో డ్రాయింగులు గీస్తున్నాను. ఏది గీసినా, ఆ పంపు పెట్టబోయే చోటికి ముందు వెళ్లి కాసేపు నిలబడి, అక్కడి వాళ్లని నాలుగు మాటలు అడిగి వస్తాను. మా మేనేజరు గారు దాన్ని జాగ్రత్త అంటారు. కావచ్చు. అప్పుడప్పుడు మాత్రం, ఎవర్నీ ఏదీ అడక్కుండానే అన్నీ తెలిసిపోయిన ఆ కుర్ర కెప్టెన్ గుర్తొస్తాడు. వాడి మీద నవ్వొస్తుంది. వాడికున్నంత ధైర్యం ఇప్పుడు నాకు లేదే అని కాస్త అసూయ కూడా.