ఆకుపచ్చ దారం చుట్టిన పిన్నీసు

దెయ్యాలూ గాలీ ధూళీ అంటే నవ్వేసే మనిషిని నేను. ఇప్పుడూ నమ్మను. మా ఇంట్లో జరిగినదానికి ఏ దెయ్యమూ అవసరం లేదు. నేనొక్కణ్ణి చాలు. అయినా ఇందులో ఒక్క వస్తువు ఉంది. అది అక్కడికి ఎలా వచ్చిందో ఆరేళ్లుగా నాకు అంతు పట్టలేదు.

మేము టాటానగర్ గోల్‌మురిలో ఉంటాం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. నేను కాంట్రాక్టు ఫిట్టర్ని. మా చెల్లి పార్వతి, బావ పక్క వాటాలోనే ఉండేవారు. వాళ్లకి ఒక్కతే కూతురు, లల్లి. అప్పటికి ఆరేళ్లు. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది.

చెల్లి దానికి పసుపుపచ్చ గౌను కుట్టడానికిచ్చింది. బజారు టైలరు దగ్గర నుంచి తెచ్చే పని నాది. గౌను సిద్ధంగా ఉందని తెలిసి కూడా రెండు రోజులు వెళ్లలేదు. బద్ధకం, అంతే. మూడో రోజు పొద్దున్న లల్లి గుమ్మంలో నన్ను ఆపింది.

"మామా, ఫ్రాక్ లాయా?"

"సాయంత్రం తెత్తాను, పక్కా."

"ఝూఠా!" అని నాలుక బయటపెట్టి లోపలికి పరిగెత్తింది. అబద్ధాలకోరని. అది నాతో అన్న ఆఖరి మాట.

ఆ మధ్యాహ్నం నేను డ్యూటీలో లేను. నా హాజరు స్నేహితుడు వేశాడు. నేను సోనారిలో ఒకరి గదిలో పేకాడుతూ కూర్చున్నాను. అయిదింటికి ఫోన్ వచ్చింది. లల్లి కనబడటం లేదని.

చూసిన మనిషి ఒక్కరే. సింహాద్రమ్మ. మా సందు మొదట్లో తోటకూర కట్టలు పెట్టుకుని కూర్చునే ముసలావిడ. నలభై ఏళ్లుగా ఇక్కడున్నా ఆవిడ హిందీ బేరం వరకే. నేను కనబడితే, "ఏటి బావూ, ఇయాల కూడా డ్యూటీ ఎగ్గొట్టేసినావా?" అని ఎగతాళి చేసేది. పోలీసు థానాలో ఆవిడ మాటలు దరోగా గారికి, అంటే ఎస్సైకి, హిందీలో చెప్పడానికి నేనే ముందుకొచ్చాను. పిల్ల మేనమామని కదా, ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

బెంచీ మీద ఆవిడ ఒక అంచున కూర్చుంది. ఏడవలేదు. ఎడమ చేతి గాజుల్లోకి కుడి చేతి వేళ్లు పోనిచ్చి ఏదో తడుముకుంటూనే ఉంది.

"నా కల్లారా సూసినాను బావూ. పసుపుపచ్చ గౌనేసుకున్నాది. కొత్తదేటే అంటే, 'మామా లాయా' అన్నాది. ఈపు మీద పై గుండీ ఊడిపోనాది. నా గాజుకున్న పిన్నీసు తీసి నానే పెట్టినాను. ఆకుపచ్చ దారం సుట్టుంటాది, బట్ట సిరగకుండా. ఇంతలో నీలం సీర కట్టినావిడొచ్చి సెయ్యట్టుకుని ఆటో ఎక్కించినాది. మీ సుట్టాలనుకున్నాను. ఆటో టేసనేపు ఎల్లిపోనాది."

గౌను టైలరు దగ్గరే ఉంది. తేనివాణ్ణి నేనే. లల్లి ఎర్ర గౌనుతో ఉందని చెల్లి అప్పటికే రాయించింది.

ముసలావిడ పొరబడిందని అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఇది. మామ తెచ్చాడని పిల్ల చెప్పిందంటే దరోగా గారి మొదటి ప్రశ్న నాకే. మధ్యాహ్నం నుంచి అయిదు దాకా ఎక్కడున్నావని. హాజరు సంగతి బయటపడితే ఉద్యోగం పోతుంది.

అందుకని గౌను మాట మింగేశాను. పిన్నీసు మాటా మింగేశాను. నీలం చీర, ఆటో మాత్రం చెప్పాను.

దరోగా గారు ఆవిడ చేతుల వైపే చూస్తున్నారు. ఆ గాజుల్లో ఏం వెతుకుతోంది, నిజమే చెబుతోందా అని నన్నడిగారు.

"బూఢీ హై సాబ్. దిమాగ్ ఠీక్ నహీ," అన్నాను. ముసలిది, మతి సరిగా లేదని.

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. ఆ మాత్రం హిందీ ఆవిడకి వచ్చు. వేళ్లు మాత్రం గాజుల్లోనే ఉన్నాయి. తప్పు చేసినవాళ్ల కంగారు అది అనుకున్నాను.

దరోగా గారు నా మాట నమ్మారు. ఆటో సంగతి కాగితంలో అడుగుకి పోయింది. ఎర్ర గౌను పోస్టర్లు ప్రతి గోడకీ ఎక్కాయి. బావ స్టేషన్లో ప్లాట్‌ఫారాలన్నీ తిరిగి, ఎర్ర గౌను పాపని చూశారా అని కనబడినవాళ్లనల్లా అడిగాడు. చెల్లి పర్సుడీహ్ బజారులో ఫోటో పట్టుకుని గొంతు పోయేదాకా అరిచింది.

మూడో రోజు చెల్లి నాతో, "లల్లి వత్తే ఏసుకుంటాది, ఆ గౌను తెచ్చీ అన్నయ్యా," అంది.

వెళ్లాను. టైలరు మాస్టారు అలమర తెరిచి, పేరు చీటీ కుట్టిన కవరు ఇచ్చాడు. కవరు పిన్నులు నేనే ఊడదీశాను. గౌను ఇస్త్రీ మడత చెరగలేదు. ఎవరూ తొడుక్కున్న గుర్తు లేదు. ఇంట్లో చెల్లి దాన్ని ఒళ్లో పరుచుకుని వెనక్కి తిప్పింది.

వీపు మీద పై గుండీ లేదు. తెగిన దారం పోగులున్నాయి. అక్కడ ఒక పిన్నీసు. దాని మెడకి ఆకుపచ్చ దారం.

"ఇదేటన్నయ్యా?" అంది చెల్లి.

"మాస్టారు పెట్టుంటాడు," అన్నాను.

అప్పుడైనా పరిగెత్తి థానాకి వెళ్లాల్సింది. వెళ్లలేదు. ఇంకో పదకొండు రోజులు డ్యూటీకి వెళ్లి వచ్చాను, అన్నం తిన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ తిన్నాను.

ఆ తర్వాతి రోజు గౌను పట్టుకుని సింహాద్రమ్మ ఇంటికి వెళ్లాను. థానా నుంచి వచ్చినప్పటి నుంచి ఆవిడ సందు మొదట్లో కూర్చోవడం మానేసింది. నేను కాళ్ల మీద పడబోతే కాళ్లు వెనక్కి తీసుకుంది. పిన్నీసు మీద వేలు పెట్టి చూసింది.

"ఇది నాదే బావూ. మరి పాపేది?"

అప్పుడు ఆవిణ్ణి తీసుకుని వెళ్లాను థానాకి. ఆవిడ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఈసారి ఒక్క మాట వదలకుండా హిందీలో చెప్పాను. నేను ఎక్కడున్నానో కూడా చెప్పాను. దరోగా గారు కొత్త కాగితం తీసి అంతా మళ్లీ రాసుకున్నారు. ఆటోవాళ్లనందర్నీ పిలిపించారు. పద్నాలుగు రోజుల కిందటి సవారీ ఎవరికి గుర్తుంటుంది? టైలర్ని కూడా గట్టిగా అడిగారు. ఆ రోజంతా షాపు మూసి, భార్య కాన్పుకి ఆస్పత్రిలో ఉన్నాడని సాక్ష్యాలు దొరికాయి. మూడు గుండీలూ తానే కుట్టానని, గౌను ముందు రోజే కవర్లో పెట్టానని అతను అప్పుడే పుట్టిన తన పిల్ల మీద ఒట్టేశాడు.

నా ఉద్యోగం పోయింది. పోతుందని భయపడినంత పెద్ద సంగతేం కాదది.

చెల్లికి అంతా చెప్పాను. "నువ్వు తెత్తావని మజ్జానం నుంచి గుమ్మంలోనే కూకుందన్నయ్యా," అంది. ఆ ఏడే వాళ్లు ఇల్లు మారిపోయారు. గౌను చెల్లి దగ్గరే ఉంది. పిన్నీసు ఎవర్నీ తియ్యనివ్వదట.

సింహాద్రమ్మ పోయి రెండేళ్లయింది. ఆఖరి రోజుల్లో కూడా ఆ చెయ్యి గాజుల్లో తడుముకునేదని కోడలు చెప్పింది.

తేని గౌను లల్లి ఒంటి మీదికి ఎలా వచ్చింది? వస్తే, ఆ పిన్నీసుతో మూసిన కవర్లోకి తిరిగి ఎలా వెళ్లింది? నాకు తెలియదు. పోలీసులకీ తెలియదు. లల్లి సంగతీ ఇంతవరకు తెలియలేదు.

తీరిక దొరికినప్పుడల్లా టాటానగర్ స్టేషన్‌కి వెళ్తాను. లల్లికి ఇప్పుడు పన్నెండేళ్లుంటాయి. ఆ గౌను పట్టదు. అయినా పసుపుపచ్చ గౌనుతో ఏ పిల్ల కనబడినా ముందు ముఖం చూడను. వెనక్కి వెళ్లి, వీపు చూస్తాను.