మడత నలగని దస్తీ

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరొచ్చినా మేం ముందు చెప్పేది మా పెద్దల సంగతే. మా ముత్తాతగారు కోనసీమలో పదకొండు ఊళ్ళకు జమీందారు. మా తాతగారి ఎదుట కుర్చీలో కూర్చునే హక్కు కలెక్టరు ఒక్కడికే ఉండేది. ఆ వంశంలో పుట్టిన మా నాన్నగారు ఖతార్‌లో చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో మెకానిక్. అది దాచను. ఆయన పనిమంతుడు.

శుక్రవారం బడి ఉండదు కనుక అల్ వక్రాలోని మా ఇంటి నుంచి నన్నూ షెడ్డుకు తీసుకెళ్ళేవారు. అక్కడ ఆయన చేతికింద జగిత్యాల నుంచి వచ్చిన ఒకతను పనిచేసేవాడు. అతని మాటలు నాకు సరదాగా ఉండేవి. నాన్నగారికి వినబడకుండా కొన్ని నేర్చుకున్నాను.

ఒక శుక్రవారం ఒక విమానం ఇంజన్ పని అయ్యాక దాని మీది తొడుగును తిరిగి బిగించాలి. కౌలింగ్ అంటారు దాన్ని. చుట్టూ ఉన్న మరలన్నిటినీ ముందు చేత్తో వదులుగా పట్టించి, ఆ తర్వాతే ఒక్కొక్కటిగా బిగించాలని నాకు చెప్పింది నాన్నగారే. కానీ షెడ్డు యజమాని అయిన అరబ్బు పెద్దమనిషి గుమ్మంలో నిలబడి "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు. అతని కొడుకు ఆ విమానంలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ తొందరలో నాన్నగారు ముందువైపు మరలను పూర్తిగా బిగించేశారు. వెనక చివరి రెండు రంధ్రాలు కలవలేదు. ఒక మరను వంకరగానే బలంగా తిప్పి దింపేశారు.

"సార్, అన్ని వదులు చేసి మల్ల పెడ్దామా? గాల్లకు పోయినంక ఊడితే ఎట్ల?" అన్నాడు జగిత్యాల అతను.

"నువ్వు నాకు పని నేర్పుతావా?" అని నాన్నగారు పని పూర్తయిందన్న కాగితం మీద సంతకం పెట్టేశారు.

కుర్రవాడు విమానం ఎక్కబోతుండగా జగిత్యాల అతను అడ్డం వచ్చాడు.

"తప్పయింది సార్. నా దస్తీ లోపల పడ్డది."

"దస్త్రమా? ఇంజన్లో కాగితాలేమిటయ్యా?"

"చేతిరుమాలు, నాన్నగారూ" అన్నాను నేను.

అన్నాక చూశాను. నీలిగళ్ళ దస్తీ అతని వెనక జేబులోంచి కనబడుతోంది. అతను నా వైపు చూసి కళ్ళు దించుకున్నాడు.

లోపల గుడ్డ ఉందంటే విమానం ఎగరడానికి వీల్లేదు. నాన్నగారు అందరి ముందూ అతన్ని తిడుతూ తొడుగు విప్పారు. వంకర మర చుట్లు తెగి బయటికి వచ్చింది. దాన్నీ, దాన్ని పట్టే నట్టునూ మార్చారు. అతను లోపలికి వంగి, చాటుగా జేబులోంచి తీసిన దస్తీని "దొరికింది సార్" అని చూపించాడు. దాని మీద నూనె చుక్క లేదు. మడత కూడా నలగలేదు. నాన్నగారు దాని వంక చాలాసేపు చూశారు. తర్వాత మరలన్నీ వదులుగా పట్టించి, ఒక్కొక్కటే బిగించారు.

విమానం క్షేమంగా ఎగిరి దిగింది. యజమాని మాత్రం ఇంజన్లో గుడ్డ వదిలే మనిషి తనకు అక్కర్లేదన్నాడు. నాన్నగారు ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను చెప్పినా సరిపోయేది. అతన్ని అల్ షహానియాలో ఒంటెల కొట్టాలు ఊడ్చడానికి పంపారని తర్వాత తెలిసింది. వెళ్ళి చూసిరావడానికి అది పెద్ద దూరమేమీ కాదు. మేం వెళ్ళలేదు.

నా పరువు నిలబెట్టడానికి ఎవరైనా తలవంచుతున్నారేమోనని ఇప్పటికీ చుట్టూ చూసుకుంటాను. తప్పు నాదైతే ముందే చెబుతాను. అది నాకు సులువుగా రాదు. పోయిన ఏడాది కోనసీమలో మా తోట కొలతల్లో తేడా వచ్చింది. అందరూ ముసలి సర్వేయరును నిలదీస్తున్నారు. హద్దు తప్పుగా చూపించింది నేనేనని లేచి చెప్పాను. పావు ఎకరం దాయాదులకు పోయింది. మిగిలిన ముక్క గిట్టుబాటు కాక, కొబ్బరిచెట్లతో సహా అమ్మేశాం.