బీరువాలో ఇన్‌హేలర్

మా అమ్మాయికి ఉబ్బసం. ఆడపిల్ల కదా, ఆ మాట కాస్త గొంతు తగ్గించి చెప్పమంటారు మావాళ్లు. నేను తగ్గించను. దాచిపెట్టిన జబ్బుకి సాయం ఎవరొస్తారు?

దానికి ఎనిమిదేళ్లప్పటి సంగతి ఇది. మేముండేది రాయపూర్‌లో, నా ఆఫీసేమో ఊరికి దూరంగా నయా రాయపూర్‌లో. స్టాఫ్ బస్సు ఎక్కితే ఇంటికి చేరేసరికి గంట పైనే పట్టేది. మా ఆయన రైలింజను నడుపుతారు. ఏ పూట ఏ ఊళ్లో ఉంటారో ముందుగా ఆయనకే తెలియదు. అందుకని స్కూలు వదిలాక పిల్ల మా వీధి చివరి సెంటర్‌కి వెళ్లేది. బడి పిల్లల్ని సాయంత్రం దాకా ఉంచుకుని, హోంవర్క్ చేయించి, ఆడించి పంపే చోటు అది. దాన్ని నడిపే మేడమ్‌కి చేర్పించిన రోజే అంతా చెప్పాను. ఇన్‌హేలర్ చేతికిచ్చి ఎలా వాడాలో చూపించాను. ఆవిడ దాన్ని భద్రంగా ఆఫీసు గదిలో బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్ల బ్యాగులోనే ఉండనివ్వండి అని బతిమాలాను. "మందులు పిల్లల చేతికి అందకూడదు, అది రూలు" అంది హిందీలో. మళ్లీ అడిగాను, మళ్లీ అదే జవాబు.

చలికాలం వచ్చింది. ఈ ఊళ్లో చలికాలం గాలికి పొగా దుమ్మూ తోడవుతాయి. సెంటర్‌లో వార్షికోత్సవం ఆటల కోసం పిల్లల్ని పరిగెత్తిస్తున్నారు. మా పిల్లకి ఆయాసం మొదలైంది. మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలోకి వచ్చిన కుటుంబం, ఆయాసాన్ని దమ్ము అంటాం. కంగారులో పిల్ల ఇంటిమాటనే హిందీలోకి తిప్పేసి, ఆడిస్తున్న టీచరుతో "దీదీ, దమ్ ఆ రహా హై" అంది. హిందీలో దమ్ వస్తోందంటే బలం పుంజుకుంటున్నట్టు. టీచరు చప్పట్లు కొట్టి, "షాబాష్! తో ఏక్ రౌండ్ ఔర్!" అంది. చెప్పినమాట వినే పిల్ల నాది. ఇంకో చుట్టు పరిగెత్తింది.

ఆ చుట్టు పూర్తికాకుండానే కూలబడింది. పెదాలు నీలంగా మారుతుంటే టీచరు ఆఫీసు గదికి పరిగెత్తింది. బీరువాకి తాళం. తాళంచెవి మేడమ్ హ్యాండ్‌బ్యాగులో. మేడమ్ పండరీ బట్టల బజారులో, డ్యాన్సు పిల్లలకి బట్ట బేరమాడుతోంది. ఆ టీచరు పిల్లని ఎత్తుకుని ఆటోలో దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లబట్టి సరిపోయింది.

నేను చేరేసరికి పిల్ల ముఖానికి మాస్కు, పక్కన మందు ఆవిరి పట్టే మిషను. నన్ను చూడగానే మాస్కు పక్కకి జరిపి, "నాన్ చెప్పేనమ్మా, దమ్మొస్తందని చెప్పేను" అంది, తప్పు తనదేమో అన్నట్టు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నెమ్మదిగా అన్నారు: "కొన్నాళ్లు నౌకరీ వదిలీ. పిల్లకన్నా ఎక్కువేటి?"

"నేను ఉద్యోగం మానేస్తే దాని ఆయాసం మానేస్తుందాండీ?" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు మేడమ్ నన్ను కూర్చోమనైనా అనలేదు. "అలాంటి పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకోవాలి. రేపటినుంచి పంపకండి."

"పిల్లని మానిపించను మేడమ్. మీ బీరువాని మానిపిస్తాను."

ఆ సాయంత్రం నుంచి గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టాను. పిల్లల కోసం వచ్చే ప్రతి తల్లినీ తండ్రినీ ఒకటే అడిగాను: మీవాడికి ఏమైనా అయితే ఇక్కడ ఎవరు ఏం చేస్తారో మీకు తెలుసా? చాలామంది ఫోన్లలోకి తలలు దూర్చారు. ఒకాయన మాత్రం, "గొడవ చేస్తే ఆవిడ సెంటర్ మూసేస్తుందండీ" అన్నాడు. "మూయనివ్వండి, తాళాలు వేయడం ఆవిడకి అలవాటేగా" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు గానీ వెనకున్న ఒకావిడ నవ్వింది. నవ్వి, కాసేపటికి నా పక్కకొచ్చి, తన కొడుక్కి జ్వరం వస్తే ఫిట్స్ వస్తాయనీ, చెబితే చేర్చుకోరని ఇన్నాళ్లూ నోరు మెదపలేదనీ చెప్పింది. మర్నాడు మేడమ్ గదిలోకి ఆవిడే నాకన్నా ముందు నడిచింది. ఇంకో ఇద్దరు ముగ్గురు మా వెంట వచ్చారు.

మేడమ్ మెత్తబడింది. ఇష్టంగా కాదు, తప్పక. ఇన్‌హేలరూ, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టమూ ఆటల గదిలో పెద్దవాళ్ల చేతికందే కొక్కేనికి వచ్చాయి. గోడమీద డాక్టరు రాసిచ్చిన కాగితం: ఏ లక్షణం కనిపిస్తే ఎన్ని పఫ్‌లు, తగ్గకపోతే ఏ ఆస్పత్రి, ఆటో ఎవరు పిలవాలి, మిగతా పిల్లల దగ్గర ఎవరు ఉండాలి. అన్నిటికన్నా పైన హిందీలో పెద్ద అక్షరాలతో నేనే రాయించాను: ఈ పిల్ల దమ్ అంటే ఊపిరి అందడం లేదని అర్థం. అందరిచేతా ఉత్తుత్తి అభ్యాసం కూడా చేయించాను. మేడమ్ గొట్టం తిరగేసి పట్టుకుంటే మా పిల్లే సరిచేసింది.

వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఆ టీచరే. పిల్లకి ఆయాసం వచ్చిందనీ, పఫ్‌లు ఇచ్చాననీ, తగ్గిందనీ, పక్కనే కూర్చుని చూస్తున్నాననీ చెప్పింది. పిల్లని మాట్లాడించమన్నాను. మాట తడబడకుండా పూర్తిగా వచ్చింది. అయినా ఫోన్ పెట్టేశాక బ్యాగు సర్దుకున్నాను. సెలవు చీటీ రాయబోయి ఆగాను. మధ్యలో ఇంకోసారి ఫోన్ చేసి కనుక్కుని, పని ముగించుకుని, రోజూ ఎక్కే బస్సే ఎక్కాను.

మేడమ్ గుమ్మంలోనే ఎదురైంది. "అప్పుడే కబురు చేశాం కదా, ఇప్పుడా రావడం? భయం వేయలేదా మీకు?"

"వేసింది. కానీ నేను పరిగెత్తుకు రానక్కర్లేకుండా ఉండాలనే కదా మేడమ్, మీతో అంత పోట్లాడింది!"

లోపల మా పిల్ల క్యారమ్స్ ఆడుతోంది. తలెత్తకుండానే, "ఈ ఆట అయిపోనీ అమ్మా, కూకో" అంది. ఆ గదిలో ఉన్నది ఒకటే పెద్ద కుర్చీ, మేడమ్‌ది. అందులో కూర్చున్నాను.