పన్నెండు దగ్గర ఆగిపోయిన ఇంటి నంబరు

కంప్యూటరు తెలివైనదని ఎవరన్నారో గాని, వాణ్ణి ఈ బెంగాలీల ఊళ్లో గార్డెన్ రీచ్ లాక్కొచ్చి మా తెలుగు బస్తీ కుళాయి నీళ్లు తాగించాలి.

రాజకుమారి మా బస్తీ పిల్లే. పైపులు బాగుచేసే కంట్రాక్టరు ఆఫీసులో ఫిర్యాదులు ఎక్కిస్తుంది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే అడుగుతాయి: పేరు, ఇంటి నంబరు, రోడ్డు. జవాబు కొట్టి ఎంటర్ నొక్కాలి. అంతే, దానితో మాట్లాడడానికి మరో దారి లేదు.

మా ఇళ్ల నంబర్లు 12/3/హెచ్/7 అన్నట్టు ఉంటాయి. పెద్ద రోడ్డు మీద పన్నెండో నంబరు మేడ, దాని వెనక గల్లీ, గల్లీలో గది. ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుడు ఇంటి నంబరంటే వట్టి అంకెలే అనుకున్నాడు. రాజకుమారి మొత్తం కొట్టినా అది పన్నెండు వరకే చదివి, గీత తగలగానే ఆగిపోయి, మిగతాది పారేసేది. కూలీలు మేడకు వెళ్లేవారు. అక్కడ నీళ్లు నిక్షేపంలా ఉండేవి. లోపం లేదని ఫిర్యాదు మూసేసేవారు. మా కుళాయిలో మాత్రం మురుగు. రాజకుమారి తల్లి రామమ్మ ఆ నీళ్లు తాగే ఆసుపత్రి పాలై, చావు తప్పి ఇంటికొచ్చింది. మళ్లీ తాగితే మనిషి దక్కదన్నాడు డాక్టరు.

రాజకుమారి సూపర్‌వైజరు శ్యామసుందర్ దగ్గరికి వెళ్లింది. ఈమధ్యే హైదరాబాదు నుంచి వచ్చిన మన తెలుగువాడే.

"ఇంటి నంబరంటే నంబరే ఉండాలి కదమ్మా. ఆ గీతలెందుకు?" అన్నాడు.

"ఆ గీతలు నాను గీసేనేటి సార్? మీ పెట్టికి మా గల్లీ కనపడకపోతే మాయమ్మ సచ్చిపోవాలేటి?"

"ప్రోగ్రాం మార్చడం నా చేతుల్లో లేదు," అని ఫోన్ చూసుకున్నాడు.

ఆ పిల్లకు ఒళ్లు మండిపోయింది. వచ్చి తెర ముందు కూర్చుంది. పేరు అడిగింది తెర. పేరు దగ్గర మాత్రం దానికి ఏ పట్టింపూ లేదు, ఏది కొట్టినా తీసుకుంటుంది. తల్లి పేరు కొట్టబోయి ఆగి, అక్కడ తమ ఇంటి నంబరు 12/3/హెచ్/7 అని కొట్టింది. తెర కిక్కురుమనలేదు.

మర్నాడు పొద్దున్న కూలీలు మేడ దగ్గర ఆ పేరు అడిగితే కాపలావాడు నవ్వి గల్లీ చూపించాడట. గునపాలతో లోపలికొచ్చారు. మేస్త్రీ చీటీ చూసి, "బారో బై తిన్ బై ఎయిచ్ బై సాత్, కే?" అని బెంగాలీలో అరిచాడు. ఆ పేరుగల మనిషి ఎవరని.

రామమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఈ ఊరి వీధులన్నీ ఊడ్చి రిటైరైన మనిషి.

"ఆమీ, దాదా!" అని, నేనే అన్నా అన్నట్టు చెయ్యెత్తింది. ఆఫీసుకు బయల్దేరుతున్న కూతురి వైపు తిరిగింది. "రామమ్మ పిలిస్తే రానేదు ఈళ్లు. ఇకమీదట అదే నా పేరని సెప్పు. తవ్వమను."